దినములను లెక్కించిన గౌసు పండితుడు

2022వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీ, మంగళవారమునాడు, మా తరగతిలోని బాలుడొకడు నల్లబల్లమీద ఆనాటి తేదీని 22-02-2022 అని వ్రాసి, దానిని కుడివైపునుండి చదివి చూడుడని తోడివారి నడిగెను. ఎటునుండి చదివినను అది యొక్కటియే. వికటకవి యను మాటను, కిటికి, జలజ, సరస యను మాటలను మనమందరము చిన్ననాడు ఇట్లు త్రిప్పి చదివి సంతోషించినవారమే. మన యాలంకారికులు ఇట్టి కూర్పునకు గతప్రత్యాగతమని పేరిడిరి. అక్షరములలోని యీ వేడుక అంకెలలోను కలదని తెలిసినప్పుడు పిల్లల యుత్సాహమునకు మేర లేకపోయెను. ఆ గంట పాఠములో సగము దానితోనే గడచెను. మేమును అడ్డు చెప్పలేదు.

తేదీకి రెండంకెలు, నెలకు రెండంకెలు, సంవత్సరమునకు నాలుగంకెలు వేసి వ్రాయుట నియమముగ పెట్టుకొన్నచో ఈ శతాబ్దమున ఇట్టి దినములన్నియు ఫిబ్రవరి నెలలోనే వచ్చును. సంవత్సరపు మొదటి రెండంకెలు 20 గనుక, వానిని తిరుగవేసిన 02 నెల స్థానమున ఉండి తీరవలెను. ఇక సంవత్సరపు చివరి రెండంకెలను తిరుగవేసినచో తేదీ యగును. ఈ విధముగ ఫిబ్రవరి 1 మొదలు 29 వరకు గల ప్రతి తేదీకిని ఒక్కొక్క సంవత్సరము చొప్పున, శతాబ్దమంతటిలో సరిగా 29 దినములు లభించును. అందు కడపటిది 29-02-2092. ఆ సంవత్సరము నాలుగింట భాగింపబడును గనుక ఫిబ్రవరికి ఇరువదితొమ్మిదవ దినము నిజముగనే కలదు. ఎనిమిది గడచిపోయినవి, తరువాతిది 03-02-2030. అది యాదివారము, పాఠశాలకు సెలవు. నల్లబల్లపై వ్రాయగోరువారు సోమవారమువరకు ఓపిక పట్టవలసియుండును.

వెనుకకు లెక్కించినచో మరియొక వింత కానవచ్చును. ఈ శతాబ్దమున మొదటి గతప్రత్యాగత దినము 10-02-2001. దానికి ముందటిది ఏదియని వెదకికొనుచు పోయిన పిల్లలు పంతొమ్మిది వందలలో కానక, పదునెనిమిది వందలలో కానక, తుదకు 29-11-1192 వద్ద ఆగిరి. నడుమ ఎనిమిదివందల యెనిమిదేండ్ల కాలములో ఇట్టి దినము ఒక్కటియు లేదు. ఆ సుదీర్ఘమైన యెడారిలో పుట్టి, ఆ యెడారిలోనే గతించిన ఒకానొక మహాగణితజ్ఞుని చరిత్రమును ఈ సంచికలో చెప్పదలచితిమి. ఆయన బ్రతికిన కాలమున గతప్రత్యాగతమగు సంవత్సరము సైతము రాలేదు. 1771 ఆయన పుట్టుటకు ఆరేండ్లు ముందు, 1881 ఆయన పోయిన ఇరువదియారేండ్ల తరువాత. అయినను తేదీలతోను దినములతోను ఆయన ఆడుకొన్నట్లు ఆడుకొన్నవారు అరుదు. ఆయన పేరు కార్ల్ ఫ్రీడ్రిష్ గౌసు.

జర్మనీ దేశమున బ్రున్‌స్విక్ పట్టణములో ఒక బీదకుటుంబమున గౌసు జన్మించెను. తండ్రి తోటపని, తాపీపని, కాలువపనులపై మేస్త్రీతనము మొదలగు వానిచే జీవించువాడు. తల్లి డొరొతేయా రాళ్లు చెక్కువాని కూతురు. పెండ్లికి ముందు ఒకరి యింట దాసిగ నుండెను. ఆమెకు వ్రాత రాదు. కొడుకు పుట్టిన తేదీని ఆమె వ్రాసి పెట్టుకొనలేదు, జ్ఞాపకముంచుకొనను లేదు. ఆమె మనస్సున నిలిచినవి రెండే గుర్తులు: అది బుధవారము, అది ఆరోహణ పండుగకు ఎనిమిది దినములు ముందు.

ఇది చదివి నవ్వవలదని మా బాలబాలికలకు మనవి. మన తాతలలోను అవ్వలలోను ఎందరి జన్మదినములు ఇట్లు సంక్రాంతికి ముందనియో, గోదావరి పొంగిన యేటనియో, పెదనాన్న పెండ్లయిన మూడవనాడనియో చెప్పబడలేదు? బడిలో చేర్చునాడు ఉపాధ్యాయుడు ఉజ్జాయింపుగ వ్రాసినదే జన్మదినముగ చెల్లిన పెద్దలు మన యూళ్లలో పెక్కుమంది కలరు. వ్రాతరాని తల్లి లెక్క తప్పని యనుకొనుట మనకు సులభము. గౌసు తల్లి లెక్క తప్పునో ఒప్పునో ముందు చూతము.

బాలుడు మాటలు నేర్చుటతోడనే లెక్కలును నేర్చెను. మూడేండ్ల వయస్సున, తండ్రి పనివాండ్రకు కూలి పంచుచు చేసిన కూడికలో తప్పున్నదని ఎత్తిచూపెనని గౌసే ముదిమియందు వేడుకగ చెప్పుకొనుచుండెడివాడు. బడిలో బుట్నరు అను ఉపాధ్యాయుడు ఒకనాడు పిల్లలను చాలసేపు ఊరకుంచుటకై ఒకటి మొదలు నూరువరకు గల సంఖ్యలను కూడుడని యిచ్చిన కథ లోకప్రసిద్ధము. తక్కినవారు పలకలపై కుస్తీ పట్టుచుండగా గౌసు ఒక్క సంఖ్యను వ్రాసి పలకను బల్లమీద పెట్టెను. 1 మొదలు 100 వరకు గల వరుసను వ్రాసి, దాని క్రింద అదే వరుసను తిరుగవేసి 100 మొదలు 1 వరకు వ్రాసినచో, ప్రతి జంటయు 101 అగును. అట్టివి నూరు జంటలు. అందు సగము 5050. ముందుకు పోవు వరుసను వెనుకకు వచ్చు వరుసతో కలుపుటయే యిందలి కీలకము. ప్రతి జంటకు వచ్చు 101 సైతము ఎటు చదివినను ఒక్కటియే యగుట మా పిల్లలు కనిపెట్టి మాకు చెప్పిన సంగతి.

బుట్నరు కఠినుడని పేరు గాంచినను, పిల్లవాని శక్తిని గుర్తించి హాంబర్గు నుండి మంచి గణితగ్రంథమును తెప్పించి యిచ్చెను. ఆయన సహాయకుడైన బార్టెల్సు అను యువకుడు గౌసుకంటె ఎనిమిదేండ్లు మాత్రమే పెద్ద; ఇరువురును కలిసి చదువుకొనిరి. తండ్రికి కొడుకు ఏదో యొక చేతిపని నేర్చి ఇల్లు గడపిన చాలునని యుండెను. తల్లియు మేనమామయు బాలుని పక్షమున నిలిచిరి. తుదకు ఈ వార్త బ్రున్‌స్విక్ డ్యూకుగారి చెవినిబడి, ఆయన విద్యార్థివేతనము నిచ్చుటచే గౌసు కళాశాలలోను, 1795 మొదలు గొట్టింగెన్ విశ్వవిద్యాలయములోను చదువగలిగెను.

అప్పటికి ఆయన గణితజ్ఞుడగుటయా, భాషాశాస్త్రజ్ఞుడగుటయా యని తేల్చుకొనలేదు. 1796 మార్చి 30వ తేదీ ఆ సందేహమును తీర్చెను. పదునేడు సమభుజములు గల ఆకృతిని రూళ్లకఱ్ఱయు వృత్తలేఖినియు మాత్రమే యుపయోగించి గీయవచ్చునని నాడు ఆయన కనుగొనెను. గ్రీకులకాలమునుండి రెండువేల యేండ్లుగ ఎవ్వరును ఆ త్రోవ త్రొక్కలేదు. ఇంకను పందొమ్మిదేండ్లు నిండని యువకుడు ఆనాటినుండియే ఒక చిన్న దినచర్యపుస్తకము ప్రారంభించి, తాను కనుగొన్న ప్రతి విషయమును తేదీతో సహా ఒకటి రెండు పంక్తులలో గుర్తించుకొనెను. 1814 వరకు అందు 146 గుర్తులు కలవు. అది యితరుల కొరకు వ్రాసినది కాదు. 1796 అక్టోబరులో వ్రాసిన యొక గుర్తులో గెగన్ అను వింతమాట యున్నది. ఆ మాట ఏ భాషలోను లేదు. తరువాతి పండితులలో ఒకరు దానిని వెనుకనుండి చదివి, అది కొన్ని లాటిను మాటల మొదటి యక్షరములను కూర్చి తిరుగవేసినదని యూహించిరి. అట్లయినచో మా నల్లబల్లమీది బాలునివంటి చిలిపితనము ఆ మహానుభావునకును ఉండెననవలెను.

1801లో అచ్చయిన ఆయన అంకగణిత గ్రంథమునందలి ముఖ్యసాధనము శేషముల గణితము. పేరు గంభీరముగ నున్నను విషయము మనకు తెలిసినదే. నేడు బుధవారమైనచో నూరవనాడు ఏ వారము? నూరును ఏడుతో భాగింపగా మిగులునది రెండు, కావున శుక్రవారము. పదునాలుగు వారములు గడచిపోయిన సంగతి మనకు అక్కఱలేదు, మిగిలినదే కావలెను. ఇట్లు శేషము సమానమగు సంఖ్యలను ఒకే జాతిగ నెంచి, వానికొక గుర్తును కల్పించి, దానిపై గొప్ప శాస్త్రమును గౌసు నిర్మించెను. కాలపట్టిక యనగా మరేమి? వారము ఏడుచే శేషము, అధికదినపు సంవత్సరము నాలుగుచే శేషము.

ఈ సాధనముతో ఆయన పట్టిన ఒక పాతచిక్కు ఈస్టరు పండుగ. క్రిస్మసువలె ఇది నిలుకడగల తేదీ కాదు. వసంతవిషువము మార్చి 21 అని పెట్టుకొని, ఆనాడుగాని తరువాతగాని వచ్చు పున్నమి వెనుక మొదటి ఆదివారము ఈస్టరు. మన పండుగలు తిథులను బట్టి జరుగుచుండుటచే ఇందలి కష్టము మనకు వేరుగ చెప్పనక్కఱలేదు. సూర్యుని, చంద్రుని, వారమును మూటిని ఒక్క కాడికి కట్టవలెను. ఈ పండుగ మార్చి 22కు ముందు రాదు, ఏప్రిలు 25 దాటదు. శతాబ్దములుగ మతాచార్యులు పెద్దపెద్ద పట్టికలు చూచి దీనిని నిర్ణయించుచుండిరి. 1800వ సంవత్సరమున, తన యిరువదిమూడవ యేట, గౌసు ఆ పట్టికలు లేకయే, కూడికలు గుణకారములు భాగహారములు తెలిసిన ఏ పిల్లవాడైనను చేయదగిన ఒక సూత్రమును ప్రకటించెను.

ఆయన పుట్టిన 1777వ సంవత్సరమునకే దానిని వాడి చూతము. 1777ను 19తో భాగింపగా శేషము 10. చంద్రుని కళలు పందొమ్మిదేండ్లకొకసారి దాదాపు అవే తేదీలకు తిరిగివచ్చును గనుక ఈ పందొమ్మిది. 4తో భాగింపగా శేషము 1. 7తో భాగింపగా శేషము 6. మొదటి శేషమగు 10ని 19తో గుణించి 23 కలుపగా 213. దానిని 30తో భాగింపగా 3 మిగులును. ఇప్పుడు రెండవ శేషమునకు రెండింతలు 2, మూడవ శేషమునకు నాలుగింతలు 24, ఇప్పుడు మిగిలిన 3కు ఆరింతలు 18. వీనికి మరియొక 3 చేర్చగా మొత్తము 47. దానిని 7తో భాగింపగా 5 మిగులును. ఆ 3ను ఈ 5ను మార్చి 22కు కలుపుడు. మార్చి 30. 1777లో ఈస్టరు ఆదివారము మార్చి 30వ తేదీ.

ఈస్టరు తరువాత ముప్పదితొమ్మిదవనాడు ఆరోహణ పండుగ. అది మే 8వ తేదీ, గురువారము. దానికి ఎనిమిది దినములు ముందు ఏప్రిలు 30. అది యేవారము? బుధవారము. వ్రాతరాని తల్లి చెప్పిన రెండు గుర్తులును ఒకదానికొకటి సరిపోయినవి. ఆమె మఱచినది తేదీని మాత్రమే, దినమును కాదు. తల్లి చెప్పిన యా గుర్తులనుండియే గౌసు తన జన్మదినము 1777 ఏప్రిలు 30 అని గణించుకొనెనని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. తల్లి మాటయే ఈస్టరు సూత్రమునకు విత్తనమైనదని కొందరు కథ పెంచి చెప్పుట కలదు. దానిని మేము సమర్థింపజాలము. కాని తన తల్లి జ్ఞాపకమును కాలపట్టికకు ముడివేయ గలిగినవాడు ఆ కాలమున ఎవడైన నుండెనా యనిన, ఆమె కొడుకే యుండెను.

పైని వాడిన 23, 3 అను సంఖ్యలు 1700 మొదలు 1799 వరకే చెల్లును. 1900 మొదలు 2099 వరకు వానికి బదులు 24, 5 పెట్టుకొనవలెను. లెక్క ఏప్రిలు 26 అని తేలినచో 19గ దిద్దుకొనవలెను. మిక్కిలి అరుదుగ 25ను 18గ దిద్దవలసివచ్చును. తరువాతి గతప్రత్యాగత దినము గల 2030లో ఈస్టరు ఎప్పుడో మా చదువరులు గణించి చూచుకొనవచ్చును. ఏప్రిలు 21 రానిచో ఎక్కడనో భాగహారము తప్పినదని గ్రహింపవలెను.

భాగహారము తప్పకున్నను సూత్రమే తప్పిన సందర్భమొకటి కలదు. శతాబ్దముల మార్పునకై గౌసు మొదట చెప్పిన ఒక చిన్న నియమము 4200వ సంవత్సరమువచ్చుసరికి పొరపాటు ఫలమిచ్చునని ఆయన శిష్యుడు టిటెల్ చూపెను. రెండువేల నాలుగువందల యేండ్ల తరువాతి తప్పు! మరియొకరైనచో నవ్వి యూరకుండియుందురు. గౌసు 1816లో ఆ తప్పును దిద్ది ప్రకటించి, దానిని చూపిన శిష్యుని పేరును అందు చెప్పెను. ఉపాధ్యాయులమగు మేము ఈ సంగతిని రెండుమారులు చదువుకొంటిమి.

తేదీలతో ముడిపడిన ఆయన విజయములలో లోకమంతయు మెచ్చుకొన్నది సెరిస్ కథ. 1801 జనవరి 1వ తేదీ రాత్రి, అనగా క్రొత్త శతాబ్దపు మొదటి రాత్రి, సిసిలీలోని పలెర్మో నగరమున పియాజ్జి యను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు ఆకసమున ఒక క్రొత్త చుక్కను చూచెను. ఫిబ్రవరి 11 వరకు దానిని వెంబడించెను. పిమ్మట అది సూర్యుని కాంతిలో మరుగయ్యెను. తిరిగి ఎక్కడ వెదకవలెనో ఎవ్వరికిని తెలియలేదు. నలువదియొక్క దినముల చూపులు మాత్రమే యాధారముగ, ఇరువదినాలుగేండ్ల గౌసు దాని మార్గమును గణించి, ఫలానిచోట చూడుడని చెప్పెను. ఆ సంవత్సరపు కడపటి రాత్రి, డిసెంబరు 31న, త్సాఖ్ దానిని ఆయన చెప్పిన చోటనే కనుగొనెను; మరునాడు, 1802 జనవరి 1న, ఓల్బర్సును చూచెను. పోయిన చుక్క సరిగా సంవత్సరము తిరిగిన నాటికి మరల చేజిక్కెను. ఆ ఓల్బర్సు తరువాత గౌసునకు ఆప్తమిత్రుడయ్యెను. 1807లో గౌసు గొట్టింగెన్ వేధశాలకు అధ్యక్షుడై, జీవితాంతమువరకు అక్కడనే యుండెను.

1805 అక్టోబరు 9న యొహన్నా యను యువతిని ఆయన వివాహమాడెను. తన పిల్లలకు క్రొత్త గ్రహములను కనుగొన్నవారి పేర్లు పెట్టుట ఆయనకొక ముచ్చట. పియాజ్జి పేరు జోసెపు గనుక పెద్దకుమారుడు జోసెపు. ఓల్బర్సు పేరు విల్హెల్మ్ గనుక కుమార్తె విల్హెల్మీనా. ఈ బాలిక పుట్టిన దినము 1808 ఫిబ్రవరి 29. దినములు లెక్కించుటయే వేడుకగ గల తండ్రికి నాలుగేండ్లకొకసారి పుట్టినరోజు వచ్చు కూతురు పుట్టినది! అయితే ఆ యింటి సంతోషము ఎక్కువ కాలము నిలువలేదు. 1809 సెప్టెంబరులో మూడవ బిడ్డ పుట్టిన కొలది దినములకు, అక్టోబరు 11న, యొహన్నా మరణించెను. పెండ్లియై నాలుగేండ్ల రెండు దినములు. ఆ పసిబిడ్డయు 1810 మార్చి 1న పోయెను. ఆయన మరల వివాహమాడెను, పిల్లలను పెంచెను, పెద్దపెద్ద గ్రంథములు వ్రాసెను. కాని యా దెబ్బ పూర్తిగ మానలేదని ఆయనను ఎరిగినవారు తలచిరి.

హనోవరు రాజ్యమును కొలుచుటకై ఆయన యేండ్లతరబడి ఎండలో తిరిగిన సంగతియు, వెబరు అను మిత్రునితో కలిసి 1833లో గొట్టింగెన్ పట్టణపు ఇండ్ల కప్పులమీదుగ తీగలు లాగి విద్యుత్తుచే వార్తలు పంపిన సంగతియు విజ్ఞానశాస్త్ర పుస్తకములలో దొరకును. అయస్కాంతశక్తిని కొలుచు మాత్రకు గౌసు అను పేరు అట్లు వచ్చినదే. 1991లో వెలువడిన జర్మనీ పదిమార్కుల నోటుపై ఆయన బొమ్మ యుండెను. యూరోనాణెము వచ్చిన పిదప 2002లో ఆ నోటు చెలామణి పోయెను. అరువదిరెండవ యేట క్రొత్తభాష నేర్వవలెనని తలచి, ముందు మన సంస్కృతమును చేపట్టి, అది రుచింపక విడిచి, రష్యను భాషను శ్రద్ధతో నేర్చుకొనెను. సంస్కృతము రుచింపకపోవుట మాకు కొంచెము చిన్నతనముగ తోచినను, ఉన్నమాట చెప్పితిమి.

తల్లి యేమయ్యెనని చదువరులు అడుగుదురు. గౌసు పిన్నవాడై యున్నప్పుడు హంగరీ దేశస్థుడగు బొల్యాయి యను మిత్రుడు ఇంటికి రాగా, మావాడు ఎప్పటికైన ఏమైన కాగలడా యని ఆమె రహస్యముగ అడిగెనట. ఐరోపాలో మొదటి గణితజ్ఞుడు కాగలడని అతడు చెప్పగా ఆమె కంట నీరు పెట్టుకొనెనట. భర్త పోయిన కొన్నేండ్లకు, 1817లో, ఆమె కొడుకునొద్దకు గొట్టింగెన్ చేరి, వేధశాలలోని యింటనే ఇరువదిరెండేండ్లు నివసించెను. కడపటి నాలుగేండ్లు చూపు పూర్తిగ పోయెను. ఆ కాలమున ఆమెకు కావలసిన పరిచర్యను పరులకు విడువక కొడుకే చేసెను. 1839లో, తొంబదియైదేండ్లు దాటిన వయస్సున, ఆమె మరణించెను. రాజులు బిరుదులిచ్చిన మనుష్యుడు వ్రాతరాని తల్లికి చేయి పట్టుకొని నడిపించుట ఆ యూరివారు ప్రతిదినము చూచిన దృశ్యము.

ముదిమి ముదిరినకొలది లెక్కల వేడుకయు ముదిరెను. వేధశాలనుండి తాను తరచు పోవు స్థలములకు ఎన్ని యడుగులో లెక్కించి పట్టికగ వ్రాసుకొనెను. ప్రసిద్ధపురుషులు, తన మిత్రులు ఎన్ని దినములు బ్రతికిరో గణించి మరియొక పట్టిక వేసెను. యేండ్లు కాదు, దినములు. అందు న్యూటనునకు ఎదురుగ నున్న సంఖ్య 30,766.

ఈ సంఖ్యను తేల్చుట చూచినంత సులభము కాదు. న్యూటను కాలమున ఇంగ్లండు పాత కాలపట్టికను విడువలేదు. ఆ దేశపు లెక్క ప్రకారము ఆయన పుట్టినది 1642 డిసెంబరు 25, క్రిస్మసునాడు. మనము నేడు వాడు లెక్క ప్రకారము అది 1643 జనవరి 4. మరణమును అట్లే మార్చుకొనగా 1727 మార్చి 31. పుట్టుకకు పదిదినములు, మరణమునకు పదునొకండు దినములు జరుపవలెను. ఏలయన నడుమ 1700వ సంవత్సరము పాతపట్టికలో అధికదినము కలది, క్రొత్తదానిలో లేనిది. ఇట్లు సరిచేసి కూడినచో సరిగా 30,766 వచ్చును. మేమును మా పదవతరగతి బాలురును వేరువేరుగ కూడి చూచితిమి.

గౌసు మిత్రులలో అలెగ్జాండరు హుంబోల్టు ఒకడు. దక్షిణ అమెరికా పర్వతములెక్కి, నదులు గడచి, లోకప్రసిద్ధుడైన యాత్రికుడు. 1828లో బెర్లినులో జరిగిన శాస్త్రజ్ఞుల సభకు పోయినప్పుడు గౌసు ఆయన యింటనే అతిథిగ నుండెను. హుంబోల్టు 1769 సెప్టెంబరు 14న పుట్టినవాడు. 1853 డిసెంబరు 9 సమీపించినప్పుడు గౌసు ఆయనకొక జాబు వ్రాసెను. ఆ దినమున హుంబోల్టు న్యూటను బ్రతికినన్ని దినములు, అనగా సరిగా 30,766, పూర్తిచేయుచున్నాడని అందు తెలిపెను. ఎనుబదినాలుగేండ్ల ముసలివానికి డెబ్బదియారేండ్ల ముసలివాడు పంపిన పండుగ కానుక యది. ఏ పంచాంగములోను లేని పండుగను మిత్రుని కొరకై లెక్కవేసి కనిపెట్టి పంపుట మాకు సెరిస్ గ్రహమును కనుగొనుటకు తీసిపోనిదిగ తోచుచున్నది. మీలో ఎవరి తాతగారైన ముప్పదివేలవ దినమునకు సమీపించుచున్నారేమో లెక్కించి చూడుడు. అది ఎనుబదిరెండేండ్లు దాటిన తరువాత వచ్చును.

గౌసు తాను మాత్రము న్యూటనును అందుకొనలేదు. గుండెజబ్బుచే కొంతకాలము బాధపడి, 1855 ఫిబ్రవరి 23వ తేదీ తెల్లవారుజామున నిద్రలోనే ప్రాణము విడిచెను. ఆయనకు నిండిన యేండ్లు 77. ఇది యెటు చదివినను ఒక్కటియే. ఇక దినముల లెక్క. ఆ బుధవారమునుండి ఈ శుక్రవారమువరకు మా పిల్లలు కూడగా 28,422 వచ్చినది. ఈ సంఖ్య తిరుగవేసిన మారిపోవును. నిరాశ చెందక వారు కొంచెము వెనుకకు పోయి చూచిరి. 28,382వ దినము 1855 జనవరి 14న పడినది. నాడు మంచముపట్టిన యా వృద్ధునకు, ఎటునుండి చదివినను ఒక్కటియే యగు దినసంఖ్య యొకటి వచ్చి పోయెను. అట్టి తరువాతి సంఖ్య 28,482; దానికి అరువది దినములు తక్కువయయ్యెను.